టాబ్లెట్ కట్టర్: ఇరవై నెలలు వాడాక

2023 జులైలో విశాఖపట్నం జగదాంబ జంక్షన్ దగ్గర ఒక సర్జికల్ షాపులో ఈ టాబ్లెట్ కట్టర్ కొన్నాను. 120 రూపాయలు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా. మూత లోపలివైపు బ్లేడు, అడుగున ఇంగ్లీషు ‘వి’ అక్షరం లాంటి గాడి. బిళ్లని ఆ గాడి మూలకి ఆనించి, మూత ఒక్కసారి గట్టిగా నొక్కితే టక్కుమని రెండు ముక్కలవుతుంది. మిగిలిన ముక్క దాచుకోవడానికి వెనకాల చిన్న అర ఉంది. కత్తిపీట మీదో, పాత బ్లేడుతోనో కోసుకునేవాళ్ళకి ఇది చాలా మేలు. నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒక స్టారు ఎందుకు తగ్గించానో కింద రాస్తాను.

ముందు వేరే సంగతి చెప్పాలి. ఈ డబ్బా కొనమని నాకు ఏ డాక్టరూ చెప్పలేదు. డిప్రెషన్‌కి వాడుతున్న మాత్రని నా అంతట నేనే తగ్గించుకుందామని కొన్నాను. ఇది చదువుతున్నవాళ్ళలో అదే ఆలోచనతో వచ్చినవాళ్ళు ఒక్కరైనా ఉంటారు. వాళ్ళ కోసమే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను ఎంవీపీ కాలనీలో ఒక స్కూల్లో లెక్కలు చెప్తాను. ఇల్లు పెదవాల్తేరులో, కరకచెట్టు పోలమాంబ అమ్మవారి గుడికి దగ్గర. 2021 మేలో కోవిడ్‌తో అమ్మ పోయింది. కడసారి చూపు కూడా సరిగ్గా దక్కలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు అన్నం సహించేది కాదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ, గుండెదడ. మా ఆయన బతిమాలి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళారు. అత్తగారికి మాత్రం ‘నరాల డాక్టర్’ అని చెప్పాం. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల మాకు నడిచి వెళ్ళేంత దూరం. చిన్నప్పటి నుంచీ ఆ గేటు ముందు నుంచే తిరిగినదాన్ని. అయినా లోపలికి వెళ్తూ తెలిసినవాళ్ళ కంట పడతానేమోనని భయం. అందుకే ద్వారకానగర్ వైపు ఒక ప్రైవేటు క్లినిక్ వెతుక్కున్నాం. డాక్టర్ గారు ఎస్సిటలోప్రామ్ రాశారు. 10 మిల్లీగ్రాములతో మొదలై 20కి వెళ్ళింది. రెండు నెలలకి మళ్ళీ మనిషినయ్యాను.

మరి ఎందుకు ఆపాలనుకున్నానంటే, బరువు ఆరు కిలోలు పెరిగాను, అది ఒకటి. అసలు కారణం అది కాదు. 2023లో అమ్మ తద్దినం రోజు వంటింట్లో చెల్లెళ్ళిద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. నాకు కన్నీళ్ళు రాలేదు. ఫొటోకి దండ వేస్తూ లోపల ఎంత వెతుక్కున్నా ఏడుపు దొరకలేదు. బండరాయినైపోయానా అని భయం వేసింది. ఆ సాయంత్రం విజయనగరం నుంచి వచ్చిన మా వదిన, అంటే మా ఆయన అక్క, పక్కన కూర్చుని “ఏటమ్మా, ఎన్నాళ్ళు మింగుతావు ఆ బిళ్లలు? అలవాటైపోతే ఇంక ఒగ్గలేవు” అంది. ఆవిడ నా మీద ప్రేమతోనే అంది. ఏడుపు రాకపోవడం కూడా ఈ మందుతో కొందరికి వచ్చే ఇబ్బందేనని, డాక్టర్‌కి చెబితే దానికో దారి చూపిస్తారని నాకప్పుడు తెలీదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళడం మానేసి అప్పటికే ఏడాది. పాత చీటీ చూపించి షీట్లు కొనుక్కుంటూ వచ్చాను.

కాగితం మీద లెక్క వేసుకున్నాను. మొదటి వారం 20లో సగం. రెండో వారం పావు. మూడో వారం రోజు విడిచి రోజు పావు. ఆ పైన సున్నా. కట్టర్ కొన్నాను. సగం చేయడం బాగానే వచ్చింది. పావు చేసేటప్పుడే తెలిసింది, సగం ముక్క గాడిలో సరిగ్గా నిలబడదు. ఒక పావు కందిపప్పు బద్దంత ఉంటే ఇంకోటి బియ్యపు గింజంత వచ్చేది. మిగతాది తెల్లటి పొడి అయి గాడిలో ఉండిపోయేది. ఏ రోజు ఎంత మింగానో నాకే తెలీదన్నమాట.

మూడో వారానికే చిరాకు మొదలైంది. పూర్తిగా ఆపేసిన నాలుగో రోజు క్లాసులో బోర్డు మీద లెక్క చేసి పిల్లల వైపు తిరిగాను. తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంది. అర సెకను. మళ్ళీ బోర్డు వైపు తిరిగితే మళ్ళీ జివ్వు. కళ్ళు పక్కకి తిప్పినప్పుడల్లా అదే. సాయంత్రం స్కూటీ మీద వస్తుంటే ఉషోదయ జంక్షన్ దగ్గర రోడ్డు ఓ పక్కకి ఒరిగినట్టయింది. బండి పక్కన ఆపి ఒక దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాను. వాంతి వచ్చినట్టు ఉండటం, ఒళ్ళంతా చెమట, రాత్రి కళ్ళు మూస్తే అమ్మ ఆసుపత్రిలో పిలుస్తున్నట్టు కలలు. మా అబ్బాయి పాలు ఒలకబోశాడని వాడి మీద ఎంత అరిచానంటే, వాడు తలుపు వెనక దాక్కున్నాడు. తొమ్మిదేళ్ళవాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

జబ్బు తిరగబెట్టిందనే అనుకున్నాను. డాక్టర్‌కి ఏ మొహం పెట్టుకుని చెప్పను అనుకుని ఒక మందుల షాపుకి వెళ్ళి ‘టెన్షన్‌గా ఉంది, నిద్ర పట్టట్లేదు’ అన్నాను. చీటీ అడక్కుండా, ఆందోళన తగ్గించి నిద్రపుచ్చే అల్ప్రాజోలామ్ షీటు చేతిలో పెట్టారు. అది షెడ్యూల్ హెచ్‌1 మందు. 2014 నుంచి ఉన్న రూలు ప్రకారం డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఎవరికి ఇచ్చారో, ఏ డాక్టర్ రాశారో వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. షీటు మీద ఎర్ర గీతల డబ్బాలో హెచ్చరిక కూడా అచ్చు వేసి ఉంటుంది. నేను చదవలేదు, వాళ్ళు చెప్పలేదు. నా మీద నాకు ఎంత కోపమో ఆ కౌంటర్ మీద కూడా అంతే కోపం ఉంది.

ఆ మాత్రతో రెండు రాత్రులు మత్తుగా పడుకున్నాను. మూడో రాత్రి రెండింటికి లేచి వరండాలో కూర్చున్నాను. నేను లేకపోతేనే వీళ్ళు హాయిగా ఉంటారన్న ఆలోచన వచ్చింది. 2021లో అంత బాధలోనూ రాని ఆలోచన అది. ఇక భయం వేసి మా ఆయన్ని లేపాను. ఆయన పోర్టులో పనిచేస్తారు, వాళ్ళ ఆఫీసు గోడ మీద చూసిన నంబరు గుర్తుండి 14416కి చేశారు. దాన్ని టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్ళకి ఫోన్లో సాయం చేసే లైను. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, 24 గంటలూ ఉంటుంది, డబ్బులేమీ పడవు, తెలుగులో మాట్లాడతారు. ఫోనెత్తిన అమ్మాయి ముందు “ఇప్పుడు మీ పక్కన ఎవరున్నారమ్మా?” అని అడిగింది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగానే అడిగింది. దాచకుండా చెప్పాను. చెప్పాక గుండె మీద బరువు కొంచెం దిగింది. ఏ మందు, ఎంత డోసు, ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు అని అడిగింది. ఎంతెంత తగ్గించానో చెప్పగానే “ఇది డాక్టర్‌కి చెప్పే చేశారా?” అంది. లేదన్నాను. తిట్టలేదు. సొంతంగా ఇంకే మాత్రా వేసుకోవద్దని, తెల్లారేదాకా ఒంటరిగా ఉండొద్దని, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ మా ఆయన దగ్గర పెట్టమని, పొద్దున్నే డాక్టర్ని కలవమని, ఈలోగా ఏమాత్రం ఎక్కువైనా వెంటనే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళమని చెప్పింది. మా ఆయన షీట్లతో పాటు ఈ కట్టర్ని కూడా బీరువాలో పెట్టి తాళం వేశారు.

పొద్దున క్లినిక్‌లో మూడు గంటలు కూర్చోబెట్టారు. అలాంటి స్థితిలో వచ్చిన మనిషిని వరసలో కూర్చోబెట్టడం నాకు ఇప్పటికీ నచ్చదు, ఆ మాట తర్వాత వాళ్ళకే చెప్పాను. లోపలికి వెళ్ళాక మాత్రం డాక్టర్ గారు అరగంట మాట్లాడారు. “తలలో కరెంటు కొట్టడం 2021లో ఉండేదా?” అన్నారు. లేదు. “మాత్ర ఆపాక ఎన్నో రోజుకి వచ్చింది?” నాలుగో రోజు. అప్పుడు చెప్పారు. జబ్బు తిరగబెడితే మామూలుగా వారాలు, నెలలు పట్టి మెల్లగా వస్తుందట, పాత లక్షణాలే కనిపిస్తాయట. మందు హఠాత్తుగా మానితే వచ్చే ఇబ్బంది రోజుల్లోనే మొదలవుతుంది. తల తిరగడం, జివ్వుమనడం లాంటి అంతకుముందు లేనివి వస్తాయి. మందు మళ్ళీ మొదలుపెడితే త్వరగా తగ్గుతుంది. ఒక్కోసారి రెండూ కలిసిపోయి డాక్టర్లకి కూడా విడదీయడం కష్టమవుతుందట. చాలామంది నాలాగే రెండోది చూసి మొదటిదనుకుంటారట. ఆ రాత్రి వచ్చిన ఆలోచన గురించి ఆయన ప్రత్యేకంగా, మా ఆయన ముందే అడిగారు. తర్వాత వారం వారం పిలిచారు.

మా వదిన మాట కూడా అడిగాను, ఇది అలవాటు పడే మందా అని. మత్తు మందుల్లా ఇంకా ఇంకా కావాలనిపించేది కాదు గానీ, రెండేళ్ళు రోజూ పడేసరికి మెదడు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, తీసేటప్పుడు మళ్ళీ సర్దుకోవడానికి టైమివ్వాలి అన్నారు. అల్ప్రాజోలామ్, క్లోనజెపామ్ లాంటివి మాత్రం నిజంగా అలవాటు పడేవే. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చట. ఆ షీటు నా చేతిలో ఇంకొన్నాళ్ళు ఉంటే ఏమయ్యేదో.

నా లెక్కలో తప్పెక్కడో కూడా చూపించారు. ఈ మందు ఒంట్లో సగానికి పడిపోవడానికి దాదాపు 30 గంటలు పడుతుంది. రోజు విడిచి రోజు వేసుకుంటే రెండు మాత్రల మధ్య 48 గంటలు. అంటే సగం కంటే కిందికి పడి మళ్ళీ లేస్తుంది, మళ్ళీ పడుతుంది. తగ్గిస్తున్నాననుకుంటూ రోజూ మెదడుని ఊపుతున్నానన్నమాట. రెండో తప్పు ఇంకా పెద్దది. 20 నుంచి 10కి వస్తే మందు చేసే పని సగం అవదు, కొంచెమే తగ్గుతుంది. 5 నుంచి సున్నాకి వస్తేనే పెద్ద దెబ్బ. పిల్లలకి చెప్పినట్టు చెప్పాలంటే, ఫ్యాన్ రెగ్యులేటర్ 5 నుంచి 4కి తిప్పితే పెద్ద తేడా తెలీదు, 1 నుంచి సున్నాకి తిప్పితే ఫ్యాన్ ఆగిపోతుంది. కాబట్టి కిందికి వెళ్ళేకొద్దీ మెట్లు చిన్నవి కావాలి. నేనేమో ఆఖరి మెట్టు మీద నుంచి ఒక్కసారిగా సున్నాకి దూకాను.

ఆయన చెప్పిన డోసుతో మందు మళ్ళీ మొదలుపెట్టాను. మూడు రోజుల్లో తలలో జివ్వుమనడం ఆగింది. మనసు కుదుటపడటానికి మాత్రం నెలన్నర పట్టింది. ఏడుపు రాకపోవడం గురించి అప్పుడు చెప్పాను. “ఆ మాట ముందే చెప్పి ఉంటే అప్పుడే తగ్గించడం మొదలుపెట్టేవాళ్ళం కదా టీచర్ గారూ” అన్నారు. ఆ మాటకి సమాధానం లేదు నా దగ్గర.

2024 ఫిబ్రవరిలో, నేను ఐదు నెలలు నిలకడగా ఉన్నాక, తగ్గించడం మొదలైంది. బీరువాలోంచి కట్టర్ బయటికి వచ్చింది. 15, తర్వాత 10, తర్వాత 7.5, 5, 2025 జనవరి నుంచి 2.5. ఒక్కో మెట్టు మీద ఆరు వారాల నుంచి నాలుగు నెలల దాకా ఉన్నాను. 7.5 దగ్గర తల తిరిగితే అక్కడే ఇంకో నెల ఆపారు. దయచేసి ఈ అంకెలు చూసి ఎవరూ బిళ్ల కోయకండి. ఇవి నా ఒంటికి, నా మందుకి, నా డాక్టర్ వేసిన లెక్క. డిప్రెషన్ మందుల్లోనే ఫ్లూఆక్సెటిన్ ఒంట్లోంచి మెల్లగా పోతుంది, పెరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ త్వరగా పోతాయి, ఆపితే ఇబ్బంది కూడా అంత ఎక్కువగా ఉంటుంది. ఒకరి లెక్క ఇంకొకరికి పనికిరాదు.

2024 మేలో అమ్మ తద్దినం నాటికి 10 మీద ఉన్నాను. పనసపొట్టు కూర అమ్మకి ఇష్టం. విస్తట్లో అది వడ్డిస్తుంటే గొంతు పూడుకుపోయింది. గరిటె చెల్లెలి చేతికిచ్చి పెరట్లోకి వెళ్ళి కరువుతీరా ఏడ్చాను.

ఇంకో సంగతి కూడా ఈ కట్టర్ గురించే. మా పెదనాన్న కొడుకు గాజువాక ఆటోనగర్‌లో వెల్డింగ్ పనులు చేయిస్తాడు. బైపోలార్ ఉంది, అంటే మనసు కొన్నాళ్ళు పట్టలేనంత హుషారుకి, కొన్నాళ్ళు దిగులుకి ఊగే జబ్బు. దానికి పదేళ్ళుగా లిథియం వాడుతున్నాడు. కిందటి వేసవిలో ఇంటికొచ్చి “చెల్లీ, నీ బిళ్లలు కోసే డబ్బా ఓసారియ్యి” అన్నాడు. టీ గ్లాసు పట్టుకున్న చేయి వణుకుతోంది, టీ గ్లాసు అంచు దాటి వేళ్ళ మీద పడుతోంది. వణుకు ఆ మందు వల్లేనని, సగం చేసుకుంటే పోతుందని ఎవరో చెప్పారట. ఇంతకుముందు ఓసారి వాడు ఆ మందు ఒక్కసారిగా మానేశాడు. మూడు వారాలు తిరక్కుండానే నిద్ర మానేసి, అప్పు చేసి ఆనందపురం దగ్గర స్థలానికి అడ్వాన్స్ ఇచ్చేసి, ఆఖరికి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. వాడి భార్య పుస్తెలతాడు ఆ అప్పుకే పోయింది.

డబ్బా ఇవ్వలేదు. వాణ్ణి తీసుకుని మా డాక్టర్ దగ్గరికే వెళ్ళాను. ఆయన షీటు తిప్పి చూపించారు. పేరు పక్కన ఎస్‌ఆర్ అని ఉంది. ఎస్‌ఆర్, ఇఆర్, ఎక్స్‌ఆర్, సిఆర్ అని రాసి ఉన్న మాత్రలు మెల్లమెల్లగా కరిగేలా చేసినవి. డాక్టరో ఫార్మసిస్టో పర్వాలేదని చెబితే తప్ప వాటిని ఏ కట్టర్‌తోనూ కోయకూడదు, నలపకూడదు. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి రక్తపరీక్ష చేయించారు. 0.6 నుంచి 1.0 మధ్య ఉంచాలనుకున్న లిథియం 1.3 ఉంది. ఎందుకు పెరిగిందో వాణ్ణి అడిగి అడిగి పట్టుకున్నారు. మోకాళ్ళ నొప్పికి నెల రోజులుగా డైక్లోఫెనాక్ మింగుతున్నాడు. పైగా ఏప్రిల్ ఎండలో వెల్డింగ్ దగ్గర చెమటలు కక్కుతూ నీళ్ళు సరిగ్గా తాగట్లేదు. రెండూ ఒంట్లో లిథియంని పెంచేవే. నొప్పి మాత్ర ఆపించి, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చేయించి, లిథియం డోసు కొంచెం తగ్గించారు. వారం తర్వాత 0.8 వచ్చింది. వణుకు తగ్గింది, ఆ తర్వాత నిద్ర కూడా చెడలేదు. మందు తగ్గించాలన్న వాడి మాటలో తప్పు లేదు. ఎంత తగ్గించాలో ఆ రక్తం చెప్పింది.

ఇక తగ్గించిన స్టారు సంగతి. బ్లేడు తుప్పు పట్టింది. మా ఇంటికి సముద్రం గాలి నేరుగా కొడుతుంది. గేటు గొళ్ళేలే ఏడాదికోసారి మారుస్తాం, ఇది ఎంత? పదో నెలకే అంచు మీద గోధుమ రంగు చుక్కలు వచ్చాయి. మొద్దుబారితే బిళ్ల తెగదు, నలుగుతుంది. బ్లేడు విడిగా దొరకదు, డబ్బా మొత్తం మార్చాల్సిందే. వెనక అరలో మిగిలిన ముక్కని వారం పెడితే తేమకి మెత్తబడుతోంది, మర్నాటికి మించి ఉంచకండి. 5 మిల్లీగ్రాముల బిళ్ల చిన్నది కాబట్టి గాడిలో జారుతుంది. మూత నొక్కే ముందు ఒకసారి వంగి చూసుకోవాలి. పావు ముక్కల జోలికి మాత్రం వెళ్ళకండి. 2.5 కావాల్సి వచ్చినప్పుడు డాక్టర్ గారు చీటీలో 5 బిళ్ల రాశారు, దాన్ని సగం చేస్తే సరిపోయింది. పిల్లలున్న ఇంట్లో బ్లేడున్న డబ్బా, పైగా మందుల పొడి అంటుకున్నది, అందని చోట పెట్టాలి. మాది ఇప్పటికీ బీరువాలోనే ఉంటుంది, తాళం నా దగ్గరే ఉంటుంది.

ఈ నెల పదో తరగతి పరీక్షలు. రాత్రి పదింటిదాకా స్పెషల్ క్లాసులు, పొద్దున ఐదింటికి పిల్లల ఫోన్లు. ఈ హడావుడిలో ఇంకో మెట్టు దిగొద్దు, ఏప్రిల్లో చూద్దాం అన్నారు డాక్టర్ గారు. నిన్న అదే షాపులో రెండో కట్టర్ కొన్నాను, 140 అయింది. ఇవాళ్టి సగం వేసుకున్నాను, రేపటి సగం వెనక అరలో ఉంది.